తలంటిన గిటారు

గుంతకల్లు,
ఆదివారం సాయంత్రం.

చిరంజీవి వంశీకి అమ్మ తల నిమిరి దీవించి రాసేది.

ఇక్కడ నేనూ మీ నాయనా బాగున్నామని రాయబోతే కలం ఆగింది. బాగా ఆలోచించి రాస్తున్నాను. వేళకు ఆకలవుతోంది, తింటున్నాం. పడుకుంటే నిద్ర పడుతోంది. పోయిన ఏడాది ఈ రెండూ లేవు కాబట్టి బాగున్నట్టే. నువ్వు కూడా హుబ్బళ్ళిలో వేళకు తింటూ, చలికి చెవులకు గుడ్డ చుట్టుకుని డ్యూటీకి పోతున్నావని అనుకుంటున్నాను.

నీ ఉత్తరం అందింది. ఫోనులో రెండు మాటలు దాటితే మీ అన్న ఊసు వస్తుంది. నువ్వు "సిగ్నల్ లేదమ్మా" అంటావు, నేను "సరే నాయనా" అంటాను. సిగ్నల్ ఉందని ఇద్దరికీ తెలుసు. ఉత్తరం రాసి మంచి పని చేశావు. ఇందులో ఎవరి గొంతు వణికినా ఇంకొకరికి వినపడదు. నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, కొమ్ములూ దీర్ఘాలూ తప్పితే సర్దుకుని చదువుకో.

వాన సంగతి అడిగావు. వేరుశనగ విత్తనం వేసే నాటికి పదును బాగానే దొరికింది. తీరా నేలలోకి ఊడలు దిగే వేళకు మబ్బు మొహం చాటేసింది. ఇక పోయిందనుకున్నాక ఒక మంచి వాన పడింది. చెట్టుకు కాయలు తక్కువే గానీ ఉన్న కాయ గట్టిది. కంది పరవాలేదు. మీ నాయన మోకాలు చలికి పట్టేస్తోంది. మిద్దె ఎక్కడం మానేశాడు గానీ చేనికి పోవడం మానలేదు. ఆస్పత్రికి పోదామంటే, "మోకాలు నాదా నీదా" అంటాడు. ఆ మాట అనగలుగుతున్నాడంటే మనిషి కొంచెం కోలుకున్నాడనే నాకు సంతోషం.

ఇక గది సంగతి. వెనక గదికి తాళం అట్లే ఉందా, అన్న గిటారును ఎవరూ ముట్టుకోలేదు కదా అని అడిగావు. మీ అన్న ప్రణీత్ దినాలు అయిపోయిన మరుసటి రోజు నువ్వే ఆ గదికి తాళం వేసి, తాళంచెవి నా చేతిలో పెట్టి, "అమ్మా, అన్న ఎట్ల పెట్టి పోయినాడో అట్లే ఉండనీ, ఎవురినీ ముట్టనీయద్దు" అన్నావు. నేను నీ చేతిలో చేయి వేసి సరేనన్నాను.

వంశీ, ఆ మాట నేను నిలుపుకోలేదు. ఎందుకు నిలుపుకోలేకపోయానో చెప్పడానికే ఈ ఉత్తరం. కోపం వస్తుంది నీకు. వచ్చినా చివరి దాకా చదువు.

మీ అన్న పోయిన ఏడాదంతా మనకు పండగల్లేవు. ఏడాది తిరిగాక మన గడపలోకి మొదట వచ్చిన పండగ ఆయుధపూజ. పొద్దున్నే మీ నాయన గొర్రునూ మందు కొట్టే పంపునూ మోటారు సైకిలునూ కడిగి వాకిట్లో పెట్టాడు. నేను కుట్టుమిషనుకూ కత్తిపీటకూ రోకలికీ బొట్లు పెట్టాను. అన్నిటికీ పెట్టాక కూడా గిన్నెలో కుంకుమ మిగిలింది. ఈ ఇంట్లో అందరి పనిముట్లకూ పూజ జరిగింది, నా పెద్దబిడ్డ పనిముట్టు ఒక్కటే చీకట్లో పడి ఉంది అనిపించింది నాకు. వాడికి జీతమిచ్చింది రైల్వే డీజిల్ షెడ్డే గానీ, వాడు తన పని అనుకున్నది ఆ గిటారునే కదా.

తాళం తీశాను. నువ్వు కప్పిన దుప్పటి తీసి చూస్తే చెక్క ఎండిపోయి పాలిపోయినట్టు కనిపించింది. మన గొర్రు కర్రకు పగుళ్ళు రాకుండా పండగనాడు నూనె పట్టిస్తాం కదా, అట్లాగే చేశాను. మన చేని వేరుశనగ బుడ్డల నూనె, గానుగ నూనె, గుడ్డ మీద పోసుకుని ఒళ్ళంతా పట్టించాను. తీగలకు కూడా ఒక్కోదానికీ వేళ్ళతో రాశాను. పసుపు నీళ్ళు చల్లి, ఆ గుండ్రటి నోరు చుట్టూ కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి, టెంకాయ కొట్టి, మళ్ళీ తాళం వేశాను. బిడ్డకు పండగనాడు తలంటి పోసినట్టు మనసు చల్లబడింది.

కొన్నాళ్ళకు చూస్తే ఆ గది గడప కింద నుంచి చీమల బారు. తాళం తీసి లోపలికి పోయాను. నూనె వాసనకు చీమలు గిటారు నోట్లోకి పోతున్నాయి, వస్తున్నాయి. నూనె మీద దుమ్ము పేరుకుని నల్లగా జిడ్డు కట్టింది. పసుపు నీళ్ళకు తీగలు చిలుము పట్టినాయి. నాయనా, వాడి ఒంటికే చీమలు పట్టినట్టు ఏడ్చాను. కొంగు నోట్లో కుక్కుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా స్టేషన్ రోడ్డుకు పరిగెత్తాను. ఆ రోడ్డులో సెల్లు షాపు పెట్టుకున్న అశోక్ తెలుసు కదా, ఆదివారం ఆదివారం మీ ఇద్దరితో కూర్చుని వాయించేవాడు, వాడి దగ్గరికి. వాడు గిరాకీని వదిలేసి షట్టరు దించి నా వెంట వచ్చాడు. గిటారును చూసి నోరు తెరిచాడు.

"ఏందిమ్మా ఇది! గిటారుకు తలంటు పోసినావా?"

"నూనె పెడితే చెక్క పగలదు గదప్పా అని..."

"శీకాయ గూడా రుద్దింటే సరిపోతాండె గదమ్మా!"

అని నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయాడు. ఏమైందో ఏమో, నాకే నవ్వు వచ్చింది. కన్నీళ్ళు కారుతూనే ఉన్నాయి, నవ్వు వస్తూనే ఉంది. వాడు కూడా అట్లే నవ్వి, అట్లే ఏడ్చాడు. మీ అన్న పోయాక వాడి పేరు మీద ఇంట్లో నవ్వు వినపడింది అదే మొదటిసారి.

పొడి గుడ్డ తెచ్చి అశోక్ చాలాసేపు తుడిచాడు. చెక్కకు ఏమీ కాలేదన్నాడు. "వాయించే వస్తువును మూసి పెడితే మన ఎండకు పలకలు పగుల్తాయిమ్మా, ప్రణీత్ చూడు ఏం చేసింటాడో" అని గిటారు సంచీ జేబులోంచి ఒక సబ్బుపెట్టె తీసి చూపించాడు. దానికి చిల్లులు పొడిచి లోపల స్పాంజి ముక్క పెట్టి ఉంది. దాన్ని తడిపి గిటారు పక్కన పెడితే చెక్కకు కొంచెం తేమ తగులుతుందట. ఆ స్పాంజి ఎండి రాయిలా అయిపోయి ఉంది. ఆనాడే తడిపాను. ఇప్పుడు ముగ్గు వేసే ముందు దాన్ని తడపడం నాకు అలవాటైంది.

పోతూ పోతూ అశోక్, "ఆదివారం సునందక్కనూ తిప్పేస్వామన్ననూ పిల్చుకోని వస్తానుమ్మా, ఊరికే చూసి పోతారు" అన్నాడు. నేను వద్దనలేకపోయాను.

వాళ్ళు గిటారు సంచులు భుజాలకు తగిలించుకునే వచ్చారు. సునంద స్టేషన్లో టిక్కెట్ల కౌంటర్లో పనిచేస్తుంది, మీ అన్న దగ్గర నేర్చుకునేది. తిప్పేస్వామి గూడ్సు బండి డ్రైవరు, రిటైరు కావడానికి దగ్గర పడ్డాడు. ఇద్దరూ నీకు తెలిసినవాళ్ళే. కాఫీ తాగి గ్లాసులు కింద పెట్టి, ముగ్గురూ గోడల వైపు చూస్తూ కూర్చున్నారు. చివరికి తిప్పేస్వామి, "సుశీలమ్మా, ఒక్క పాట వాయించి పోదుమా? వద్దంటే ల్యా" అన్నాడు. ఆ మనిషి అంత మెల్లగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. సరే అన్నాను.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం పగటిపూట వస్తున్నారు. అన్నీ మీ అన్న పెట్టినట్టే పెట్టాం. స్పీకరు పెట్టెను నేల మీద పెట్టలేదు, ఇటుకల మీద పలక వేసి దాని మీద పెట్టాం. నేలకు ఆనితే ఆ దుడుదుడు గోడల్లో పాకి పక్కింటికి పోతుందని వాడు చెప్పేవాడట. దాని మూతిని, పంట వచ్చాక ఆ గదిలో వేసిన బుడ్డల మూటల వైపు తిప్పాం. కుర్చీలు గుండ్రంగా వేశాం, ఒకరి వేళ్ళు ఒకరికి కనపడాలి. ఇంకొకటి, ఎవరి చప్పుడు అందరికంటే చిన్నదో అది వినపడేటంత వరకే మిగతావాళ్ళు వాయించాలట. తిప్పేస్వామికి వేళ్ళు లావు, చప్పుడు చిన్నగా వస్తుంది. ఆయన వినపడకపోతే అశోక్ ఆపేస్తాడు. "బండి నడిపేటప్పుడు ఊరంతా వినపడేటట్ల కూత పెడ్తావు, ఈడ మాత్రం పిల్లి మాదిరి ఏందన్నా" అంటుంది సునంద. "కూతకు మీట ఉండాదమ్మా, దీనికి నా వేళ్ళే గతి" అంటాడాయన.

బుడ్డలు అమ్మేదాకా బాగానే జరిగింది. వ్యాపారి లారీ తెచ్చి మూటలు ఎత్తుకుపోయాక గది బోడిదైపోయింది. అంతకు ముందు మెత్తగా ఉన్న చప్పుడు ఇప్పుడు గోడ నుంచి గోడకు గంగాళం మోగినట్టు మోగింది. పక్కింటి ఓబులమ్మ మంచం సరిగ్గా ఆ గోడకు ఆనుకునే ఉంటుంది. చేటలో బియ్యం పట్టుకుని అట్లే వచ్చేసింది.

"ఏం సుశీలమ్మా, ఇంట్లో పిండిమర పెట్టినారా?"

"ల్యాక్కా, పిల్లోళ్ళు వాయించుకుంటాండారు."

ఆమె లోపలికి తొంగి చూసింది. "వీల్లా పిల్లోళ్ళు? ఆ మీసాలాయప్పకు మనవరాలుండాది!" అంది. తిప్పేస్వామి లేచి నిలబడి దండం పెట్టాడు. అప్పుడు ఆమె కళ్ళు కుర్చీల మధ్యకు పోయినాయి. అక్కడే కదా మీ అన్న కూర్చునేది. చేట దించుకుని, "ఆపమని రాలేదు లేప్పా. నా తల పగలకుండా ఏదన్నా చెయ్యండి" అని వెళ్ళిపోయింది.

గోడలకు బొంతలు వేలాడదీద్దామని నాకే తోచింది. మూటలు చేసిన పని బొంతలు చేయవా? పాత చీరలు పొరలు పొరలుగా వేసి కుట్టసాగాను. గోడకు అంటుకోకుండా చెయ్యి పట్టేంత సందు వదిలి కట్టమన్నాడు అశోక్, ఆ సందులో చప్పుడు ఇంకా చస్తుందట. నేను కుడుతుంటే ఓబులమ్మ వచ్చి నా ఎదురుగా కూర్చుని, సూదికి దారం ఎక్కించుకుంటూ, "మా ఆయప్ప పంచెలు గూడా ఏసి కుట్టు, యాడ పెట్టాల్నో తెలీక పెట్టెలో పెట్టుకోనుండా" అంది. ఆమె మొగుడు పోయి ఎంత కాలమైందో నేను అడగలేదు. ఇద్దరం కలిసి ఆ గోడంతా కప్పాం. ఇప్పుడు ఆమె ఆదివారం మధ్యాహ్నం నిద్రపోతుంది. ఒక్కోసారి నిద్రపోకుండా వచ్చి గడపలో కూర్చుంటుంది.

మీ నాయన మాట చెప్పాలి. మొదట్లో వాళ్ళు వస్తున్నారంటే చేనికి వెళ్ళిపోయేవాడు. తర్వాత వాకిట్లో అరుగు మీద అటు తిరిగి కూర్చునేవాడు. మొన్న ఒక ఆదివారం బండి లేటై తిప్పేస్వామి రాలేదు, ఆయన కోసం మిగతా ఇద్దరూ స్టేషన్లోనే ఆగారు. మీ నాయన రెండు మూడుసార్లు వీధి చివరి దాకా పోయి చూసి వచ్చి, "ఏమే, ఈ పొద్దు రారా వాళ్ళు?" అన్నాడు. నేను వంటింట్లోకి పోయి ఊరికే గిన్నెలు సర్దాను.

హుబ్బళ్ళిలో నీ గదిలో ఇంకో ముగ్గురు ఉన్నారనీ, ఒకరు షిఫ్టుకు పోతే ఒకరు పడుకుంటారనీ, వాయించాలన్నా కుదరదనీ, అసలు వాయించాలని కూడా లేదనీ రాశావు. మొదటిదానికి అశోక్ జవాబు చెప్పమన్నాడు. గిటారుకు గుచ్చుకునే అగ్గిపెట్టంత చిన్న పెట్టె ఉందట, దానికి ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే నీ పాట నీకు తప్ప ఇంకెవరికీ వినపడదట. నీ కరెంటు గిటారుకు సరిగ్గా సరిపోతుందన్నాడు. రెండోదానికి జవాబు నా దగ్గరా లేదు, వాడి దగ్గరా లేదు. నువ్వు ఇక్కడే వదిలి పోయిన నీ గిటారు సంచీ జిప్పు కూడా మేము తీయలేదు.

ఇంతవరకు రాసింది చదివి, సరే గది తీశారు, వాయించుకుంటున్నారు, అన్న గిటారు మాత్రం పక్కన ఉండి ఉంటుంది అనుకుంటున్నావేమో. చెప్పాల్సింది ఇంకా దాచుకునే ఉన్నాను. రాయడానికి మధ్యలో లేచి నీళ్ళు తాగి వచ్చాను.

వంశీ, ఆ గిటారుకు ఇప్పుడున్న తీగలు మీ అన్నవి కావు.

అశోక్ గిటారు తుడిచిన ఆనాడే చెప్పాడు, చెక్క బాగుంది గానీ తీగలు చచ్చిపోయినాయని, అట్లే ఉంచితే చిలుము కిందికి దిగి చెక్కలో గుచ్చిన ఇనుప గీతలను కూడా తింటుందని. నేను గిటారును ఒళ్ళో పెట్టుకుని ఇవ్వనన్నాను. "వాటి మీద వాడి యేళ్ళుండాయప్పా. ఆ చెమట ఇంక యాడ దొరుకుతాది నాకు?" అన్నాను. అశోక్ లేచి పెరట్లోకి పోయి, "అమ్మా, ఒకసారి ఇట్ల రా" అని పిలిచాడు. చిక్కుడు పందిరి దగ్గర నిలబడి ఉన్నాడు.

ఆ పందిరిని దేనితో కట్టామో నీకు గుర్తుందో లేదో. మీ అన్న తీగలు పాతబడినప్పుడల్లా తెంపి పారేస్తుంటే, గట్టి తీగలు ఎందుకు పారేస్తావని నేనే ఏరుకుని కర్రలకు చుట్టాను. పందిరంతా వాడి తీగలే. వాటి మీదే చిక్కుడు పాకి పూత పట్టి ఉంది. "చూడమ్మా, వాడే ఎన్నిసార్లు మార్చినాడో. పాత తీగ మీద వానికెప్పుడూ ప్రేమ ల్యా. మోగేది కావాల వానికి" అన్నాడు అశోక్.

నేను లోపలికి వచ్చి, నేనే తీస్తానన్నాను. తల దగ్గరుండే మరలు ఎట్లా తిప్పాలో వాడు చూపించాడు. ఒక్కొక్కటీ వదులు చేస్తుంటే తీగ చప్పుడు కిందికి కిందికి జారిపోయింది. చివరి తీగ తీశాక ఆ గిటారు ఎంత తేలికగా ఉందో, ఎంత దిక్కులేకుండా ఉందో చెప్పలేను. దాచిపెట్టుకోలేదు వాటిని. పందిరికి పడమటి వైపు కర్ర ఊగుతుంటే దానికి చుట్టి కట్టాను. నిన్ను అడగకుండా చేశాను. నీ చేతిలో చేయి వేసి చెప్పిన మాట దాటాను. ఇదే నేను దాచింది.

ఇంకా ఉంది. కొత్త తీగలు వేసిన గిటారును ఇప్పుడు సునంద వాయిస్తోంది. ఆమె గిటారు రేకుల ఇంట్లో ఎండకు పలక లేచిపోయి పనికిరాకుండా పోయింది. అశోక్ అడిగితే నేనే తీసి ఆమె చేతికిచ్చాను. ఇచ్చేటప్పుడు భయపడ్డాను వంశీ. కళ్ళు మూసుకుని వింటే వాడే కూర్చుని వాయిస్తున్నట్టు ఉంటుందేమో, కళ్ళు తెరిచాక నేను తట్టుకోగలనా అని. గోడకు ఆనుకుని, పళ్ళు బిగించుకుని నిలబడ్డాను.

సునంద వాయించింది. వాడిలా లేదు. ఆ పిల్లకు తొందర ఎక్కువ, అందరికంటే ముందు పరుగెత్తి మళ్ళీ ఆగి వాళ్ళ కోసం చూస్తుంది. వాడి చెయ్యి వాడితోనే పోయింది, ఇంకెవరూ దాన్ని తీసుకోలేరు. అది తెలిశాక ఏడుపు వచ్చింది గానీ, భయం మాత్రం పోయింది. ఇన్నాళ్ళూ నేను తాళం వేసి కాపాడింది వాడిని కాదు నాయనా. నా భయాన్ని.

ఇప్పుడు నువ్వేం చెప్పినా వింటాను. ఆ గిటారు మీ అన్నది, వాడి తర్వాత నీది. నువ్వు వద్దంటే సంచీలో పెట్టి నీకు పంపించేస్తాను. సునందకు ముందే చెప్పాను. "వంశీ వద్దంటే ఆ పొద్దే ఇచ్చేస్తా పెద్దమ్మా, తమ్ముని మాట దాటను" అంది. కానీ గది సంగతిలో నీ మాట వినను. దానికి తాళం మళ్ళీ వేయను. మీ నాయన వీధి చివరికి పోయి ఎదురుచూడటం నేర్చుకున్నాడు. అది నేను మళ్ళీ పోగొట్టుకోలేను.

నిన్ను అడిగేది ఒక్కటే. వద్దనాలంటే ఉత్తరంలో అనొద్దు, ఫోనులో అనొద్దు. ఒక ఆదివారం రైలెక్కి రా. వాయించమని ఎవరూ అడగరు, నేను అడగనివ్వను. గడపలో ఓబులమ్మ పక్కన కూర్చో. సునంద ఎట్లా వాయిస్తుందో విను. విన్నాక కూడా వద్దనిపిస్తే, అప్పుడు నా మొహం చూసి చెప్పు.

ఇట్లు,
నీ కోపానికీ నీ రాకకూ సిద్ధంగా ఉన్న
మీ అమ్మ
సుశీలమ్మ